సీసా మీద నీళ్ళ మామ రాసిన అంకె

"పులుపు కొలిచే మీటరు పగిలిందని చెప్పడానికి నాకు నోరు రాలేదే. అసలు తప్పు అక్కడ మొదలైంది," అన్నాడు నీళ్ళ మామ, మేనకోడలి మొహం చూడకుండా.

పరిశోధనశాలలో ముప్పై ఏళ్ళు ఆయన పని ఒక్కటే: ప్రయోగాలకు కావలసిన ఉప్పునీళ్ళు కలిపి, వాటి పులుపు కొలిచి, సీసా మీద అంకె రాయడం. ఆ పేరు అక్కడే వచ్చింది. ఆయన అంకె రాశాడంటే మళ్ళీ కొలిచేవాళ్ళు ఉండరు.

"అంత కొలతల మనిషి, ఇంట్లో కూరలో ఉప్పు ఒక్కరోజూ సరిగ్గా వేయలేదు," అంది వంటింట్లోంచి అత్తయ్య.

ఎప్పుడూ గొంతెత్తి జవాబిచ్చే మామయ్య ఈసారి లేచి వంటింటి తలుపు దగ్గరికి వేశాడు. అప్పుడే మేనకోడలికి సంగతి చిన్నది కాదనిపించింది.

ఏడాది కిందటి మాట. అక్కడ పరిశోధన చేసే ఒక అమ్మాయికి ఓ ఆలోచన వచ్చింది. మన కణాలు లోపల జరిగేదాన్ని చిన్న చిన్న తునకలుగా బయటికి పట్టి చూపిస్తాయి. ఆ తునకను పట్టుకోవడానికి ఒక ప్రోటీను ఉంటుంది. ఒంట్లో కాపలా తిరిగే కణాలు దాన్ని చూసి మనవాడో పరాయివాడో తేల్చుకుంటాయి. క్యాన్సర్ కంతి పెరిగినచోట కండ పులుస్తుంది. ఆ పులుపుకి ప్రోటీను పట్టు సడలితే, తునక జారిపోయి కాపలా కణం చూసీ చూడనట్టు వెళ్ళిపోతుందా? అదీ ఆమె ప్రశ్న. రుజువు కోసం రెండు సీసాలు అడిగింది. ఒకటి మంచి కండ ఉండే ఏడు పాయింట్ నాలుగు. రెండోది కంతి ఉండే ఆరున్నర. ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ.

"పుల్లటి సీసా ముందురోజే కొలిచి పెట్టాను. మంచి కండ సీసా కలిపే రోజు పొద్దున్నే మీటరు గాజుమొన చేజారి పగిలింది. చెప్తే, 'మామకి చేతులు వణుకుతున్నాయి' అంటారని భయం. ఎంత ఆమ్లం పోయాలో చేతికే తెలుసుగా అనుకున్నాను. పోశాను. ఏడు పాయింట్ నాలుగు అని రాసేశాను."

"కొలవకుండానా?"

"కొలవకుండానే."

ఆమ్లం సీసా కొత్తది, పాతదానికంటే కాస్త ఘాటు. వారానికి కొత్త గాజుమొన వచ్చాక అడుగున మిగిలిన నీళ్ళు కొలిచి చూస్తే ఆరు పాయింట్ ఆరు! అంటే అమ్మాయి పోల్చినది పులుపుని పులుపుతోనే. రెండింట్లోనూ పట్టు ఒకేలా సడలింది. పులుపుతో తేడా ఏమీ లేదని ఆమె అప్పటికే పరిశోధనశాల నడిపే పెద్దసారుకి చెప్పేసింది.

"మరి నువ్వు?"

"మిగిలిన నీళ్ళు సింకులో పారబోశాను." ఆయన చెంపలు వేడెక్కాయి. "దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటుండగానే నేను రిటైరయ్యాను."

నిన్న ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. పరిశోధన మానేసి మందుల కంపెనీలో ఆఫీసు ఉద్యోగమట, సోమవారం చేరాలట. వీడ్కోలు చెప్పడానికి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "మామా, మీ నీళ్ళు ఎప్పుడూ తప్పవు. తప్పింది నా బుర్రే," అంది. ఆ మాటకి ఆయన తలూపాడు. ఆ తలూపిన సంగతి కూడా మేనకోడలికి చెప్పి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నా పరువు కాచుకోవడానికి ఆ పిల్ల తెలివిని తాకట్టు పెట్టానే."

"ఉత్తరం రాయి మామయ్యా. నేను ఇచ్చొస్తాను."

"ఉత్తరమైతే మళ్ళీ మొహం దాచుకున్నట్టే. ఫోన్ అయినా అంతే. నేనే ఎదురుగా నిలబడి చెప్పాలి." లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "ఆమె ఉండేది మీ వీధి చివరి మేడే. ఇప్పుడే వెళ్ళు. రేపు ఇంట్లో ఎప్పుడు ఉంటుందో, పెద్దసారు కూడా రాగలడేమో కనుక్కుని రా. ఎందుకని అడిగితే, మామ మాట్లాడాలన్నాడని చెప్పు, అంతే. నువ్వు నా తరఫున ఒక్క ముక్క కూడా చెప్పకు. చెప్పావంటే నేను మళ్ళీ ఇంట్లోనే ఉండిపోతాను. వెళ్ళమ్మా, చెప్పులు వేసుకో."