చెరువు ప్రకారం విసిరిన బంతి

ఈ పూట సైన్సు పాఠం మైదానంలో చెప్పాను. వచ్చే వారం ఏలూరులో బడి పిల్లల ఆటల పోటీలున్నాయి. మా కొల్లేటి బడి నుంచి బంతిని దూరంగా విసిరే పోటీకి వెళ్తున్నది ఎనిమిదో తరగతి గ్రేసమ్మ. చేతిలో బలముంది కానీ నేలబారుగా విసురుతుంది, అందుకని బంతి తొందరగా పడిపోతుంది. బలం ఒక్కటే చాలదనీ, చెయ్యి వదిలే కోణం కూడా ముఖ్యమనీ సుద్దముక్కతో గోడ మీద గీసి చూపించాను.

గ్రేసమ్మకి ఒక్కసారికే అర్థమైంది. బంతి పైకి లేచి, గట్టు దాటి, అవతలి చేపల చెరువులో పడింది. నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను.

చెరువు కాపలా పెద్దాయన చేపలకి మేత చల్లే పడవ వేసుకెళ్లి బంతి తెచ్చిచ్చారు. "ఏమీ అనుకోకండి మాస్టారూ, అస్తమానం పడవ తిప్పలేనండి. కాస్త ఇవతల పడేలా వేయించండి" అన్నారు. ఆయన కోపంగా అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి.

మా మైదానానికి మూడు వైపులా చెరువులే, నాలుగో వైపు బస్సులు తిరిగే రోడ్డు.

"మాస్టారండీ, సైన్సు ప్రకారం వెయ్యమంటారా, చెరువు ప్రకారం వెయ్యమంటారా?" అంది గ్రేసమ్మ.

"కాస్త మెల్లగా వెయ్యమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఆమె వేసిన బంతులన్నీ సరిగ్గా గట్టుకి ఇవతలే పడ్డాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఏలూరు మైదానానికి గట్టు ఉండదని ఆ పిల్ల చేతికి ఎలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.