మీటర్ల కపార్ శోకాలు

కపార్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. తాను కరెంటు మీటరు బిగించిన ఇంట్లో ఎవరైనా పోతే, సొంత తండ్రి పోయినట్టు శోకాలు పెట్టేవాడు. నరీన్ లోయలోని పల్లెల్లో అతను బిగించిన స్మార్ట్ మీటర్లు పదకొండు వందల నలభై. అంటే అంతమంది తండ్రులున్న మనిషి అన్నమాట.

ఆ లోయలో చావింటికి మగవాళ్ళు మౌనంగా వెళ్ళకూడదు. యాభై అడుగుల దూరం నుంచే "అయ్యో నా తండ్రీ" అని ఎత్తుకోవాలి. పోయినవాణ్ణి ఉంచడానికి ముంగిట్లో వేసిన ఉన్ని గుడారం ముందు, నడుం బిగించి కర్రల మీద వంగి నిలబడ్డ కొడుకులు బదులు ఏడవాలి. అలా బదులు పలికేవాళ్ళుంటేనే పోయినవాడికి మర్యాద. వచ్చినవాళ్ళు కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మాంసం ఉడికిందేమో కనుక్కుంటారు. కపార్ మాత్రం ఓ కర్ర సంపాదించి గుడారం ముందు పాతుకుపోయేవాడు. మెడలో సిగ్నల్ చూసే పెట్టె అలాగే వేలాడుతుండేది.

కరెంటు ఆఫీసులో కంప్యూటర్ తెర ముందు కూర్చునే జూరాకి ఇది తీరని తలనొప్పి. మీటర్లు గంటగంటకీ తమ లెక్క గాలిలోంచే పంపాలి. ఏదైనా పలక్కపోతే ఆ ఇల్లు తెర మీద ఎర్రబడుతుంది, కపార్ వెళ్ళి స్తంభం ఎక్కాలి. ఒకావిడ యాంటెనా కొక్కేనికి గుర్రం మాంసం ఎండేసింది. ఒకాయన మీటరుకి చలేస్తుందని చుట్టూ రేకు కొట్టాడు. ఇలాంటివి ఎన్ని ఉన్నా, కపార్ దొరికితే కదా.

"కపార్ అన్నా, కింది వీధిలో ఏడు మీటర్లు పలకడం లేదు. ఎక్కడున్నావ్?"

"చావులో ఉన్నానమ్మా."

"ఎవరిది?"

"పేరు చెప్తే నీకేం తెలుస్తుంది? నీకు నంబర్లే కదా తెలిసేది."

"సరే, పోయినాయన నీకేమవుతాడు?"

"వాళ్ళ గోడకి నాలుగు మేకులు కొట్టాను. రొట్టె పెట్టారు. ఉప్పు తిన్నాక ఏడవొద్దా?"

"మా ఇంటికీ మీటరు పెట్టావుగా. నేను పోతే నాకూ ఏడుస్తావా?"

"ఏడుస్తాలే. తొందరేం లేదు."

ఆ జబ్బు ఓసారి బతికున్న మనిషి మీదికే వచ్చింది. ఆ మనిషి జూరా తండ్రి తొల్తోయ్. భార్య పోయాక ఆయనకి మిగిలింది జూరా ఒక్కతే. ఆ వసంతంలో జూరా ఆఫీసుకి వెళ్ళాక, చిమ్మటలు పట్టాయని పాత గుడారం తీసి ముంగిట్లో వేశాడు. ఉన్ని చెమ్మగా ఉంటే ఆరడానికి లోపల రెండు హీటర్లు పెట్టాడు. అటుగా వెళ్తున్న కపార్ గుడారం చూశాడు. చేతిలో ట్యాబ్ చూస్తే ఆ ఇంటి కరెంటు వాడకం మూడింతలైంది. గుడారం వేశారు, పొయ్యిలు వెలిగించారు, ఇంకేముంది?

జూరాకి ఫోన్ చేసి అడగొచ్చు. కానీ తండ్రి పోయాడని కూతురికి ఫోన్లో చెప్పేవాడు ఆ లోయలో పుట్టలేదు. పెద్దలు నలుగురు వెళ్ళి కూర్చోబెట్టి, ఎక్కడెక్కడి కబుర్లో చెప్పి, చివరికి ఆ మాట తేవాలి. అందుకని కపార్ నిచ్చెన రోడ్డు మీదే పడేసి, నడుం బిగించి, గొంతెత్తాడు.

గుడారంలోంచి తొల్తోయ్ చీపురుతో బయటికొచ్చాడు.

"ఎవర్రా పోయింది?"

కపార్‌కి ఏడుపు ఆగలేదు. "నువ్వే పెదనాన్నా."

"నాకెవరూ చెప్పలేదే."

"మరి ఈ గుడారం?"

"చిమ్మటలు పట్టాయి. సరేలే, ఎలాగూ వచ్చావు, మొదట్నుంచి ఏడువు. చచ్చాక నాకు వినపడదు కదా."

ముసలాయన స్టూలు వేసుకుని, టీ తాగుతూ మొత్తం విన్నాడు. తన ఎర్రగుర్రం ఊసే రాలేదని తప్పుపట్టాడు. భోజనాల దగ్గర ఇదంతా చెప్పి జూరాని కడుపుబ్బ నవ్వించాడు. నవ్వి నవ్వి, గిన్నెలోకి చూస్తూ, "నిజంగా పోయిననాడు ఈ గుమ్మం ముందు బదులు పలికేవాడు లేడు. ఆ దిగులొక్కటే నాకు" అన్నాడు. కూతురి చోటు గుడారం లోపల, గోడవైపు. బయట కర్ర పట్టుకుని నిలబడే చోటు ఆమెది కాదు. జూరా విననట్టే సూపు వడ్డించింది.

జనవరిలో తొల్తోయ్ నిజంగానే పోయాడు. చలి ఎముకలు కొరుకుతోంది. గుడారంలో కట్టిన అడ్డుతెర వెనక తండ్రి శవం. తెర ఇవతల జూరా, ఉన్నిగోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడుపు రావడం లేదు. ఆమె ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. దూరంగా మొదటి గుంపు శోకం వినిపించింది, దగ్గరికొచ్చింది. ఇప్పుడు ఎవరూ పలకరు, తండ్రి పరువు ఈ మంచులో కలుస్తుంది అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"అయ్యో నా తండ్రీ" అని గుమ్మం దగ్గర్నించి ఒక గొంతు బదులు పలికింది.

కపార్ గొంతే. పొద్దు వాలేదాకా ఆ గొంతు ఆగలేదు. పక్కన కూర్చున్న బతీనా అనే ముసలమ్మ జూరా చెవిలో, "మా ఆయనప్పుడూ ఇతనే నిలబడ్డాడే. నాకూ ఇద్దరూ ఆడపిల్లలేగా" అంది. అవతలి విధవరాలు, "మాకూ అంతే" అంది.

కపార్ పని మానేసి వెళ్ళాడని తాను తిట్టుకున్న చావులన్నీ జూరా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. వాటిలో ఒక్క ఇంట్లోనూ కొడుకు లేడు. కొడుకులున్న ఇంట్లో చావైననాడు కపార్ బుద్ధిగా స్తంభం మీదే ఉన్నాడు. నాలుగేళ్ళుగా లోయలో ఏ ఇంట్లో ఎంత కరెంటు కాలుతుందో చెప్పగలిగిన తనకి, ఇంత చిన్న సంగతి కనబడలేదు. ఆమెకి సిగ్గేసింది.

రెండోరోజు మధ్యాహ్నం ఇంకో కష్టం వచ్చింది. చలికాలంలో ఏ ఇల్లయినా హద్దు మించి కరెంటు లాగితే మీటరు తనంతట తనే కోసేస్తుంది. అరవైమంది చుట్టాలు, ఎనిమిది కెటిళ్ళు, నాలుగు కరెంటు పొయ్యిలు. గుడారంలో బల్బు ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. పట్టపగలే లోపల చీకటి. తండ్రి చీకట్లో ఉన్నాడు. మామూలుగా అయితే హద్దు పెంచేది జూరాయే. ఇప్పుడు ఆమె కుర్చీలో కొత్తగా వచ్చిన సైరా ఉంది, శోకంలో కూర్చున్న కూతురు లేవకూడదు.

అంతలో కొత్త గుంపు ఏడుస్తూ వచ్చింది. కపార్ టోపీ చెవిరెక్కలో ఫోన్ దోపుకుని బదులెత్తుకున్నాడు.

"అయ్యో నా తండ్రీ, కొండంత అండా... సైరా, హద్దు పదిహేనుకి పెంచమ్మా... ఏ లోకం పోయావు తండ్రీ... మీటరు నంబరు నాకేం తెలుసమ్మా... ఎర్రగుర్రం ఎదురుచూస్తోందే తండ్రీ..."

అంతా ఒకే రాగం. వచ్చినవాళ్ళు ఎవరో సైరా పేరు విని, మనవరాలనుకుని మరింత ఏడ్చారు.

జూరాకి అర్థమైంది. ఉన్నిగోడకి నోరు దగ్గరగా పెట్టి, రెండ్రోజులుగా పెగలని గొంతు విప్పింది.

"నా ఇంటి దీపమా, ఏడు సున్నా నాలుగు... నన్నొదిలి పోయావా, ఒకటీ తొమ్మిదీ..."

"ఒకటీ తొమ్మిదేనా తండ్రీ..." బయట్నించి కపార్.

"ఒకటీ తొమ్మిదే అన్నా..."

బల్బు వెలిగింది, ఈసారి ఆరలేదు. అడ్డుతెర మీద తండ్రి గుర్రపు జీను, కొరడా వేలాడుతూ కనిపించాయి. బతీనా కాసేపు ఆలోచించి, "ఈ అంకెల శోకం మీ అమ్మ తరఫుదా?" అని అడిగింది. జూరా మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు గానీ, గుండె మీది బరువు మొదటిసారి కాస్త కదిలింది.

మూడోనాడు మట్టి చేసి వచ్చాక, పై లోయ నుంచి వచ్చిన ఓ పెద్దాయన గుర్రం ఎక్కబోతూ ఆగాడు. గొంతు పూర్తిగా పోయి, సైగలతో టీ అడుగుతున్న కపార్‌ని పరీక్షగా చూశాడు.

"తొల్తోయ్‌కి నువ్వొక్కదానివే అనుకున్నాం కదమ్మా. ఈ కొడుకు ఎప్పుడు పుట్టాడు?"

"నాలుగేళ్ళయింది పెద్దాయనా," అంది జూరా. "మా ఇంటికి మీటరు పెట్టినప్పుడు."