రుద్రంగిలో అందరికీ రక్తం తక్కువే

మా ఊరి గంగారాంకు ఒక్కటే జబ్బు: ఎదురైన ప్రతివాడి కింది కనురెప్ప లాగి చూసి, రక్తం తక్కువుందని తేల్చడం. తేల్చి ఊరుకోడు. మోదుగాకు దొప్పలో అడవిపండ్లు పోసి చేతిలో పెడతాడు. ఎండాకాలం కలివెపండ్లు, వానలు పడితే నేరేడు, చలికాలం పరికిపండ్లు. పెళ్లికొడుకును పీటల మీద చూశాడు, తక్కువ. మంత్రం ఆపించి పంతులును చూశాడు, తక్కువ. ఎదురింటి రాజక్క బర్రెకు కూడా తక్కువే.

నేను ఏడో తరగతి ఒకే దెబ్బకు పాసైనవాణ్ని. రుద్రంగిలో తొలి మరమగ్గం, మా మాటలో సాంచ, నడిపింది నేనే. కోరుట్ల పహిల్వాన్‌ను కుస్తీలో పడగొట్టింది కూడా నేనే. అలాంటి నా కన్ను లాగి, "తక్కువున్నది నారాయణన్నా" అన్నాడు. అతను పంపిన దొప్పను పంపినట్టే తిప్పి పంపాను.

"లోపలంత తుప్పువడ్తదే. సాంచకు నూనె ఎట్లనో మనిషి పెయ్యికి గీ పండ్లు గట్ల. ఎంత నల్లగ పండితే గంత బలం" అనేవాడు. ఇప్పుడు జగిత్యాలలో చదివిన మా మనవరాలు ఆ సంగతికే యాంటీ ఆక్సిడెంట్లని పేరు చెబుతోంది.

అప్పట్లో అన్నలు అడవిలో, పోలీసులు ఊళ్లో ఉండేవారు. మా వాడకట్టులో బీడీలు చుట్టే నీల మొగుడు అన్నల్లో కలిశాడు. ఆ ఇంటికి పిడికెడు గింజలిచ్చినా ఠాణాకు పిలుపొస్తుందని ఆమె గడప ఎవరూ తొక్కలేదు. బీడీలు చుట్టడానికి ఆకు ఇచ్చే షావుకారు కూడా ఇవ్వడం మానేశాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. గంగారాం ఒక్కడే నేరేడుపండ్ల బుట్టతో రోజూ వెళ్లేవాడు. పిచ్చోడికి భయమెక్కడిదని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు నా మగ్గాల షెడ్డు ముందే ఎస్సై అతన్ని ఆపాడు. ఊరందరికీ దొప్ప ఇచ్చి, ఆ ఇంటికి బుట్టెందుకని అడిగాడు.

"గా ఇంట్ల నలుగురికి శానా తక్కువున్నది సార్" అంటూ గంగారాం ఎస్సై కనురెప్ప లాగి చూశాడు. "మీకు సుత."

కానిస్టేబుళ్లు ఆకాశం వైపు చూశారు.

అప్పుడే బుట్ట అల్లిక సందులోంచి కొన్ని బియ్యపు గింజలు రాలాయి. నా చెప్పు వాటి మీద పడింది. పడిందేమిటి, నేనే వేశాను. గంగారాం పిచ్చి మొదలైంది నీల మొగుడు అడవికి పోయిన నెలలోనే అని నాకు అప్పుడు తట్టింది. ఊరంతా పంచేవాడు ఏ గడప తొక్కినా ఎవరు పట్టించుకుంటారు?

ఎస్సై చేయి పండ్లలోకి దిగింది. ఇంకో నాలుగు వేళ్ల లోతు దిగితే బియ్యమే.

"సార్, ముందు నాకు దొప్ప ఇయ్యనియ్యుండ్రి" అన్నాను. "నాకు సుత రక్తం తక్కువ. గివి తినకుంటే కండ్లు తిరుగుతయ్."

కోరుట్ల పహిల్వాన్‌ను పడగొట్టినవాణ్ని, వాడకట్టంతా వింటుండగా ఈ మాట అన్నాను. ఎస్సై నా మెడనూ భుజాలనూ చాలాసేపు చూశాడు. తన బర్రెకు సుత ఇవే పెడుతున్నానని రాజక్క సాక్ష్యం పలికింది. ఎస్సై ఊదారంగు వేళ్లు తుడుచుకుని జీపెక్కాడు. ఎక్కే ముందు ఒక దొప్ప తీసుకున్నాడు.

జీపు మలుపు తిరిగాక గంగారాంను పక్కకు పిలిచాను. "నీ కోసం నా ఇజ్జత్ నేనే తీసుకున్న గదరా. అబద్ధమాడిన."

గంగారాం బుట్ట నెత్తికెత్తుకోబోయి ఆగాడు. నా కనురెప్ప లాగి తీరిగ్గా చూశాడు.

"అబద్ధమెక్కడిదన్నా? నిజంగనే తక్కువున్నది."