జల్దీ సార్ బట్టతల, చిన్నమ్మ మిరపకాయలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను రాసిన ప్రోగ్రాంలో తప్పుండదు. రెండు, ఉంటే అది కంప్యూటర్‌ది. ఆ ధీమాయే లేకపోతే ఖమ్మంలో ఆ ఒంటిగది ఆఫీసులో, ఎండాకాలం ఉన్న ఒక్క ఫ్యానూ తిరగని చోట (కింద ఉన్నది ఫ్యాన్ల దుకాణమే) నేను వారం కూడా నిలిచేదాన్ని కాదు. మా యజమానిని అందరం జల్దీ సార్ అనేవాళ్లం. ఆయనకు టీ జల్దీగా రావాలి, చల్లారి వచ్చినా ఫరవాలేదు.

కల్లంలో ఆరబోసిన మిర్చిని ఫొటో తీస్తే, అందులో మంచి కాయెంత, రంగు పోయి తెల్లబడిన తాలుకాయెంత అని చెప్పే ప్రోగ్రాం చేస్తున్నాం. ఫొటోలు అందించే భాగం పైథాన్‌లో ఉంది. వాటిని పరీక్షించే భాగం వేగం కోసం సీ భాషలో నేను రాశాను. "ప్రతి ఫొటోకు మళ్ల కాపీ ఎందుకమ్మా, ఉన్నదాన్నే రెండూ వాడుకుంటే ఏమైతది? జల్దీ కావాలె" అన్నాడు సార్. సరేనని, ఫొటో ఉన్న మెమరీ చోటునే రెండు భాగాలూ పంచుకునేటట్టు చేశాను. ఒక్క ఫొటో ఇస్తే బ్రహ్మాండంగా చెప్పేది. వెంటవెంటనే ఇస్తే మాత్రం దానికి మతి పోయేది. ఒకరోజు సార్ మేలిరకం కాయలను ఫొటో తీసి, ఆ వెంటనే ముచ్చటపడి తన సెల్ఫీ కూడా తీసుకున్నాడు. ఆ మేలిరకంలో సగం తాలే అని తేల్చింది ప్రోగ్రాం. తెరమీద చూస్తే, కాయల మధ్య తెల్లగా మెరుస్తున్న ఆ తాలు సార్ బట్టతల. "ఆదివారం వైరాల రైతుల ముందర గిట్లనే చేస్తే ఈ పని బంద్. నీ నౌకరి గూడ బంద్" అన్నాడాయన తల నిమురుకుంటూ. నా ఉద్యోగం సంగతి మా అమ్మ అప్పటికే ఊరంతా చెప్పుకుంది.

ఆ దిగులుతోనే శనివారం చండ్రుగొండలో మా ఇంటికి వెళ్తే, కల్లంలో పట్టా మడతపెట్టి రమ్మంది అమ్మ. మా దగ్గర ఒకే టార్పాలిన్ పట్టా మీద రెండు మూడిళ్ల మిర్చి ఆరుతుంది. కాయలు పోసిన ప్రతి ఇల్లూ పట్టా మూల ఒక రాయి పెడుతుంది, ఎత్తుకున్నాక తన రాయి తీసేస్తుంది. రాళ్లన్నీ పోయాకే పట్టా కదిలించాలి. ఇది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. అయినా (ఫోన్లో జల్దీ సార్ మోగుతున్నాడు) మా కాయలు బస్తాలకెక్కాయి కదా అని మా రాయి తీసి, పట్టాను ఒక్క లాగు లాగాను. అవతలి చివర, మంచు పడకుండా పట్టా అంచు కప్పి ఉంచిన చిన్నమ్మ కాయల కుప్ప మొత్తం మట్టిలో దొర్లింది.

"ఏందే పిల్లా, నా రాయి కండ్లవడలేదా? నీ పని అయితే అందరి పని అయినట్టేనా?" అంది చిన్నమ్మ.

కాయలు ఏరుతూ ఏరుతూ అలాగే ఆగిపోయాను. మా ప్రోగ్రాంలో జరుగుతున్నదీ ఇదే. పైథాన్ భాగం తన పనైపోయిందని ఫొటో చోటు ఖాళీ చేసేస్తోంది. నా భాగం ఇంకా అక్కడే చూస్తూ ఉంటే, ఆ చోట్లోకి సార్ తల వచ్చి పడుతోంది. నేను వాడుకుంటున్నానని నా భాగం రాయి పెట్టనే లేదు.

"చిన్నమ్మా, దొరికింది" అన్నాను.

"ఏం దొరికింది, సగం మట్టిల్నే ఉన్నయ్. ఏరు" అంది. చివరి కాయ దాకా ఏరించాకే వదిలింది.

ఇంటికి వచ్చి, ఫొటో అందగానే వాడుకుంటున్నట్టు గుర్తు పెట్టి, పనయ్యాక తీసేసేటట్టు మార్చాను. ఆ మిరప చేతులతోనే కళ్లు నలుపుకున్నాను. ధారగా కారుతున్న కన్నీళ్లు చూసి, ఉద్యోగం పోయిందనుకుని అమ్మ కూడా ఏడ్చింది.

వైరాలో ఒక పెద్ద రైతు మమ్మల్ని నమ్మలేదు. మంచి కాయ, తాలు, మళ్లీ మంచి కాయ గబగబా చూపించాడు. సార్ మధ్యలో సెల్ఫీ కూడా దూర్చాడు. ఒక్కటీ తప్పలేదు. "అవ్, నా కాయ సంగతి సక్కగ చెప్తున్నది" అన్నాడు పెద్దాయన. "జల్దీ గూడ చెప్తున్నది" అన్నాడు సార్. నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఇప్పటికీ కల్లంలోకి వెళ్తే "నువ్వు పట్టా జోలికి రాకు, గాడ కూసో" అంటుంది చిన్నమ్మ. బుద్ధిగా కూర్చుంటాను. ఆ తర్వాత ఇంతకంటే పెద్ద తప్పులే పట్టుకున్నాను, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాచిన కళ్లతో, మండే వేళ్లతో, లోకాన్ని గెలిచినట్టు వైరా నుంచి బస్సెక్కిన ఆ పిల్లంటే నాకు కాస్త అసూయే.