బిస్కెట్ల అక్క నోరు తెరిచిన ఆదివారం

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను ఎల్‌బీ నగర్ మెట్రో పక్కన కొత్తగా పెట్టిన సంతకు తీసుకెళ్లింది. కూరగాయల్ని పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ముస్తాబు చేసి, ప్రతిదాని ముందూ ధర చీటీ పెట్టారు. మాటతో పనే లేదు. ఏడో తరగతిలోనే బడికి నా బెడద వదిలించి, వెదురు బుట్టలు అల్లి, నోటి చలవతో అమ్ముకుని బతికినవాణ్ని కదా, నాకు వెంటనే దిల్‌సుఖ్‌నగర్ ఆదివారం సంత గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. నల్గొండ పల్లెల రైతులు తెల్లారేసరికి వంకాయలు, టమాటాలు దింపేవారు. నా బుట్టల పక్కనే తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అక్క, ఇంట్లో కాల్చిన కొబ్బరి బిస్కెట్లు పెట్టుకుని కూర్చునేది. భర్త ఉద్యోగం పోయాక వాళ్ల ఇల్లు నడిచింది ఆ బిస్కెట్ల మీదే. నోరు తెరిస్తే ఏ ప్రాంతమో తెలిసిపోయి లేచి పొమ్మంటారేమోనని ఆమె భయం. అందుకే పొట్లాలు ఆమె కట్టేది, కేకలు నేను వేసేవాణ్ని. మూగదనుకుని జాలితో ఇంకో పొట్లం కొన్నవాళ్లూ ఉన్నారు, ఆ పుణ్యం నాదే.

ఒక ఆదివారం సరిగ్గా సంత ముందే వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే కూర్చుని తినడం ఆనాటి నిరసన. డప్పులు, పాటలు, జెండాలు! రైతులు గంపలకు గంపలు కుమ్మరించారు, నేను కొత్త బుట్టల్లో అన్నం ఆరబోయించాను. పులిహోరకు పోపు పెట్టిన పెద్దమనిషి మాత్రం నినాదాల్లో పడి గరిటె సంగతే మరిచాడు. మిరపకాయలు నల్లబడుతుండగా నా పక్కనుంచి ఒక కేక:

"అయ్యో, మాడిపోతోందండీ! ముందు ఆ మంట తగ్గించండి బాబూ!"

డప్పు ఆగింది. అందరి కళ్లూ అక్క మీదే. ఆమె మొహం పాలిపోయింది. అంతలో హయత్‌నగర్ నుంచి ఆకుకూరలు తెచ్చే పెద్దమ్మ కత్తిపీట మీంచి లేచింది.

"నీకు నోరున్నదా బిడ్డా! మరి ఇన్నొద్దులు గీ బుట్టలాయన లొల్లి మాకెందుకు తగిలిచ్చినవ్? రా, జర గరిటె వట్టు!"

ఆ నవ్వులు ఎల్‌బీ నగర్ దాకా వినిపించి ఉంటాయి. అక్క కొంగు బిగించి అంతమందికీ పులిహోర కలిపింది. కారం ఎక్కువైందని ఎవరో అంటే, "తినండి, నినాదాలకు గొంతు బాగా లేస్తుంది" అని జవాబు కూడా చెప్పింది. మరుసటి వారం నుంచి తన కేకలు తనే వేసుకుంది, నాకంటే గట్టిగా.

రాష్ట్రం వచ్చింది, రోడ్డు వెడల్పయింది, సంత లేచిపోయింది. ఇప్పుడు అదే చోట సిగ్నల్ దగ్గర నా బండి ఆగితే పక్క బండివాడి మొహం కూడా చూడను. ఆ రోజు అక్కడే బాసింపట్టు వేసుకుని, పేరైనా తెలియనివాళ్ల మధ్య రెండుసార్లు వడ్డించుకుని తిన్నది నేనేనా అని అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.