క్యాచర్ కావాలన్నదెవరు

ఈ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ పక్కనున్న ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టుకు నేను క్యాచర్‌గా ఉండేవాణ్ణి. క్రికెట్ తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వికెట్‌కీపర్ లాంటి పని. కాకపోతే ఆటంతా గొంతుక్కూర్చోవాలి, ముఖానికి ఇనప జాలీ తగిలించుకోవాలి, బంతి విసిరే పిచర్‌కి ఏ బంతి వెయ్యాలో వేళ్ళతో సైగ చెయ్యాలి. కరీంనగర్ కాలేజీ గ్రౌండ్‌లో వికెట్లు కాసిన చేతులు కాబట్టి ఆ పని నాకు తొందరగానే అబ్బింది. బ్యాటింగే అబ్బలేదు. మొదటి మ్యాచ్‌లో బంతిని కొట్టి, బ్యాటు అక్కడే పడేసి పరుగెత్తాలన్నది మరిచి, దాన్ని చేత్తో పట్టుకునే మొదటి బేస్ దాకా పరుగెత్తి, అక్కడ దాన్ని నేలకు ఆనించాను. రెండు జట్లూ పడీపడీ నవ్వాయి. నవ్వితే నవ్వారు, ఆ తర్వాత మూడు సీజన్లు నన్ను దాటి బంతి వెనక్కి పోవడం వాళ్ళెవరూ పెద్దగా చూడలేదు.

మాది డబ్బున్న లీగ్ కాదు. మేమందరం చందా కట్టి ఆడేవాళ్ళమే. ఆడడమే కాదు, ప్రతి సభ్యుడూ ఏడాదికి ఇన్ని గంటలని క్లబ్బు పని చెయ్యాలి. నేను మైదానంలో ఎర్రమట్టి చదును చేశాను, తెల్ల గీతలు గీశాను, శాకాహారినై ఉండి కూడా మ్యాచ్ రోజుల్లో సాసేజ్‌లు కాల్చాను. జీతం తీసుకునేవాడు జట్టులో ఒక్కడే. ఏటా చలికాలంలో క్లబ్బు అమెరికా నుంచో మరో చోట నుంచో ఒక ఆటగాణ్ణి ఒక సీజన్ ఒప్పందం మీద తెస్తుంది. విమానం టికెట్టు, ఉండడానికి గది, చేతి ఖర్చులు. ఆ ఒక్కడు ఏ స్థానంలో ఆడేవాడై ఉండాలన్నదే చలికాలమంతా మా చర్చ.

ఆ నవంబర్‌లో కోచ్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడాడు. అరవై దాటిన మనిషి, బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యాడు, మంచివాడే. క్లబ్బు గదిలో హీటర్ పక్కన కూర్చోబెట్టి, "వచ్చే సీజన్‌కి నీకేం కావాలి?" అని అడిగాడు.

నాకు కావలసింది ఒక్కటే. వచ్చే ఏడు కూడా అక్కడే, బ్యాటర్ వెనకే కూర్చోవాలి. వారమంతా ఆఫీసులో ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికే నాకు, నేను లేకపోతే పని జరగదనిపించేది ఆదివారం ఆ కాసేపే. కానీ అడగ్గానే నాకు కావాలి అని ఎలా అంటాం? మావైపు ఎవరూ అనరు. "నాదేముంది, జట్టుకు ఏది మంచిదైతే అది చెయ్యండి. నాకంటే మంచి క్యాచర్ దొరికితే సంతోషంగా తప్పుకుంటాను" అన్నాను.

ఇప్పుడు అవతలివాడు అనాల్సిన మాట ఒకటుంటుంది. మనవాళ్ళలో ఎవర్ని అడిగినా చెప్తారు. అదేం మాట, నువ్వు లేకుండా ఎలా అనాలి. ఆయన అనలేదు. తలూపి, "ఇంత స్పష్టంగా చెప్పినందుకు థాంక్స్" అని చెయ్యి కలిపాడు. నా మంచితనం ఆయనకు తెలిసొచ్చిందనుకుని, నేను పిచ్చివాడిలా సంతోషంగా ఇంటికొచ్చాను.

జనవరిలో జట్టు గ్రూపులో మెసేజ్ వచ్చింది. అమెరికా నుంచి ఒక క్యాచర్‌తో ఒప్పందం కుదిరిందట. ఇప్పటిదాకా ఆడిన నేను నా ఇష్టప్రకారమే తప్పుకున్నానట, నాకు కృతజ్ఞతలట. దాని కింద వరసగా బొటనవేళ్ళు. నేను ఫోన్‌ని సోఫా మీదికి విసిరేశాను. మా ఆవిడ తీసి చదివింది.

"నువ్వు ఏమన్నవో అదే రాసిండు కదా," అంది.

"మాటవరసకన్న. గంత మాత్రం తెల్వదా ఆయనకు?"

"ఎట్ల తెలుస్తది? కొత్తల కోచ్ వాళ్ళింటికి పోయినప్పుడు కేక్ వద్దన్నవ్. మళ్ల అడిగిన్రా? ప్లేటు తీస్కపోయిన్రు. ఆకలితోని ఇంటికొచ్చి ఉప్మా తిన్నవ్."

ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది.

తర్వాత నేను చేసిన పని అలగడం. స్కూలు జిమ్‌లో వారం వారం జరిగే చలికాలపు ప్రాక్టీసుకు వెళ్ళడం మానేశాను. గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎందుకు రావట్లేదని అడుగుతారు, అప్పుడు కాస్త బెట్టు చేసి, కడుపులో ఉన్నదంతా కక్కేద్దామని చూశాను. ఒక్కడూ అడగలేదు. ఆఫీసు పనిలో ఉన్నాననుకున్నారట. బతిమాలడం తెలియని మనుషుల మీద అలగడమంత దండగ పని లేదు. రోజూ వాళ్ళందర్నీ మనసులో తిట్టుకుంటూ అంట్లు కడిగేవాణ్ణి, గిన్నెలు సొట్టలు పోతున్నాయని మా ఆవిడ మొత్తుకునేది.

ఫిబ్రవరి చివర్లో కోచ్ మెసేజ్ పెట్టాడు, శనివారం పదకొండుకు మీ ఇంటికి రావచ్చా అని. ఆ ఒక్క మెసేజ్‌తో నా కోపం సగమైంది. ఇన్నాళ్ళకు తప్పు తెలుసుకున్నాడు, బతిమాలడానికే వస్తున్నాడు. నేనే పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయ పకోడీలు వేశాను.

ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు. టీ తాగుతూ అసలు సంగతికి వచ్చాడు. కొత్త క్యాచర్‌కి ఇల్లు దొరకడం లేదు.

"మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది కదా. మీవాళ్ళు అతిథుల్ని బాగా చూసుకుంటారు. సీజన్ అయ్యేదాకా అతన్ని ఉంచుకోగలరా?"

అతని పేరు మా పోస్టు డబ్బా మీద అతికించి, టౌన్‌హాల్లో అన్మెల్డుంగ్, అంటే నివాసం నమోదు కూడా ఇదే అడ్రసుకు చేయిస్తారట. నా చోటు లాక్కున్నవాణ్ణి నా ఇంట్లో పెట్టుకుని మేపాలన్నమాట. పొద్దున టిఫిను పెట్టి పంపి, వాడు వెళ్ళి నా చోట కూర్చుంటే నేను బెంచీ మీంచి చప్పట్లు కొట్టాలి. అంత మంటలోనూ, అయ్యో దానికేం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అలవాటు అలాంటిది. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఇవ్వను," అన్నాను. "గది ఇవ్వను. ఇంకో సంగతి కూడా వినండి. నాకు తప్పుకోవాలని ఎప్పుడూ లేదు. మీరు ఉండమంటారనే అలా అన్నాను. మూడేళ్ళు మీ మట్టి చదును చేశాను, మీ సాసేజ్‌లు కాల్చాను. ఉండవయ్యా అని ఒక్క మాట అనడానికి మీకు నోరు రాలేదు."

ఆయన కప్పు కింద పెట్టాడు. ముఖంలో కోపం లేదు, అయోమయంగా చూశాడు.

"కానీ అప్పుడు మాకు క్యాచర్ అక్కర్లేదు," అన్నాడు నెమ్మదిగా. "మాకు కావలసింది పిచర్. ఎడమచేతివాడు ఒకడు వస్తానన్నాడు కూడా. ఈలోగా నువ్వు తప్పుకుంటానన్నావు. క్యాచర్ లేకుండా ఏ జట్టూ ఆడలేదు. అందుకని అతన్ని వదులుకుని ఇతన్ని తీసుకున్నాం. నిన్ను మళ్ళీ అడిగితే ఒత్తిడి చేసినట్టవుతుందని అడగలేదు."

"ఇప్పుడు మార్చలేరా?"

"సంతకాలయ్యాయి. టికెట్టు కూడా కొనేశాం. అతనికి దెబ్బ తగిలితే మాత్రం నువ్వే ఆడాలి."

సరేనని తలూపి లేచాడు. తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ, గది విషయంలో తానేమీ అనుకోవడం లేదని, ఇంకొకరిని అడుగుతానని చెప్పాడు. పకోడీలు చాలా బాగున్నాయని మా ఆవిడతో మళ్ళీ చెప్పి, నా భుజం తట్టి వెళ్ళాడు.

"ఇయ్యనన్నవ్. ఏమన్న అయిందా?" అంది మా ఆవిడ కప్పులు తీస్తూ.

"ఏం కాలే."

మెట్లు దిగుతున్న ఆయన బూట్ల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండిపోయింది. నవంబర్‌లో నేనుంటాను అని ఒక్క మాట అన్నా ఆయన ఇలాగే తలూపి, లేచి వెళ్ళి ఆ ఎడమచేతివాడికి ఫోన్ చేసి ఉండేవాడు.