కాలువ వాడ రాతి వంతెన మీద ఆ మధ్యాహ్నం

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరికి పోవాలంటే రాతి వంతెన దాటాలి... ఆ మాట తలుచుకుంటేనే నాకు గుండెల్లో దడ.

మేముండేది గోదావరిఖనిలో, గని కార్మికుల క్వార్టర్లలో. అమ్మమ్మ ఊరు కమాన్‌పూర్ అవతల. బస్సు దిగి పొలం గట్ల మీద కాస్త నడిస్తే చెరువు నుంచి పారే పాత కాలువ, దాని మీద మూడు కమానుల వంతెన. నిజాం కాలంలో డంగు సున్నంతో కట్టారని చెప్పేవారు. దాటగానే కాలువ వాడ... నీళ్ల వెంట ఒకే వరుసలో పెంకుటిళ్లు, అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, తునికాకు వాసన.

ఎండాకాలమైతే కమానుల కింద గబ్బిలాలు వేలాడేవి. వానాకాలమైతే ఎర్రటి నీళ్లు సుడులు తిరిగేవి. నేను కళ్లు మూసుకుని, అమ్మ కొంగు పట్టుకుని దాటేదాన్ని. అమ్మకు భయమంటే తెలియదని నా నమ్మకం... ఆ కాలువలోనే ఈత నేర్చిన మనిషి మరి.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒకసారి ముసురు పట్టి వదల్లేదు. ఒకరోజు పొద్దున్నే అమ్మమ్మ ఊరి నుంచి డ్యూటీకి వచ్చిన ఒకాయన మా ఇంటి ముందు సైకిల్ ఆపాడు.

"అక్కా, మీ అవ్వకు జరం బాగ కాస్తుంది. నిన్నటి సంది మనుషుల గుర్తుపడ్తలేదు."

నాన్న అప్పటికే ఫస్ట్ షిఫ్టుకు పోయి గనిలో ఉన్నాడు. అమ్మ పక్కింటివాళ్లకు చెప్పి, తమ్ముణ్ని చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

పొద్దున ఆయన దాటి వచ్చినప్పుడు నీళ్లు కమానుల కిందే ఉన్నాయట. మేము చేరేసరికి చెరువు నిండి మత్తడి దూకుతోంది. పైనుంచి పొర్లిన నీళ్లన్నీ కాలువలోకే వస్తున్నాయి. వంతెన మీద నా పాదాలు మునిగేంత నీళ్లు పారుతున్నాయి... అటూ ఇటూ పిట్టగోడలు మాత్రం కనబడుతున్నాయి.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. అవతల అమ్మమ్మ ఒక్కతే ఉంది. "కొంగు ఇడువకు" అని నాతో అని, నీళ్లలోకి దిగింది.

సగం దూరం పోయాక నీళ్లు నా మోకాళ్లకు వచ్చాయి. అమ్మ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. తలెత్తి చూస్తే ఆమె పెదాలు వణుకుతున్నాయి. అమ్మ భయపడటం నేను చూసింది అదే మొదటిసారి... నాకు నీళ్లకంటే ఆ ముఖాన్ని చూస్తేనే ఎక్కువ భయమేసింది. ఏడుపు కూడా రాలేదు.

వాడలో మొదటి ఇల్లు ఎల్లవ్వది. అమ్మ ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. మమ్మల్ని చూసి ఎల్లవ్వ బీడీల చాట పక్కకు నెట్టేసి అరుగు దిగి వచ్చింది.

"సరోజా, నిలవడకే. నీళ్ల దిక్కు చూడకు, నా మొకం చూడు."

"కాళ్లు కదులుతలేవు పెద్దమ్మా" అంది అమ్మ. ఆ గొంతు అమ్మది కానట్టుంది.

ఎల్లవ్వ చీర గోచి బిగించి, పిట్టగోడ పట్టుకుని నీళ్లలోకి వచ్చింది. మాకు కొన్ని అడుగుల దూరంలో ఆగి చెయ్యి చాచింది. "ముందు పిల్లను పంపు."

అమ్మ నా వైపు చూసింది. "కొంగు ఇడువు బిడ్డా... ఎల్లవ్వ అమ్మమ్మ చెయ్యి పట్టుకో."

ఆ కొంగు వదలడం... ఇన్నేళ్ల తర్వాత కూడా నా వేళ్లకు గుర్తుంది. ఆ నాలుగడుగులు ఎలా వేశానో తెలియదు. ఎల్లవ్వ చేయి గరుకుగా, గట్టిగా నా మణికట్టు మీద పడింది. ఆమె నన్ను గట్టుకు చేర్చి మళ్లీ వెనక్కి పోయింది. తమ్ముణ్ని భుజానికెత్తుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

వాళ్లు గట్టెక్కిన కాసేపటికి దడేల్మని చప్పుడైంది. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం చేసే బ్లాస్టింగ్ అనుకున్నాను. కాదు... వరదలో కొట్టుకొచ్చిన ఓ పెద్ద మొద్దు వంతెనకు తగిలింది. అమ్మ నిలబడిపోయిన చోట పిట్టగోడ నీళ్లలోకి ఒరిగిపోయింది.

అమ్మ బురదలోనే కూలబడి మమ్మల్నిద్దర్నీ ఒళ్లోకి లాక్కుంది. ఎల్లవ్వ మమ్మల్ని ఇంట్లోకి తీసుకుపోయి, పొయ్యి రాజేసి మా తలలు తుడిచింది.

అక్కడి నుంచి అమ్మమ్మ ఇంటికి పోయాం. అమ్మ రెండు పూటలు కషాయం పట్టాక అమ్మమ్మకు జ్వరం దిగింది. మరునాడు ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఆ పొద్దునే నాన్న వచ్చాడు... కానీ అవతలి గట్టు మీదే ఆగిపోయాడు. దాటే దారి లేదు. కూలిన గోడను చూస్తూ ఏదో అరుస్తున్నాడు, నీళ్ల హోరులో వినబడటం లేదు. అమ్మ తమ్ముణ్ని పైకెత్తి చూపింది. తర్వాత నన్ను ముందుకు నెట్టింది. తర్వాత ఇంటి వైపు చూపించి, అమ్మమ్మ బాగానే ఉందని చేత్తో సైగ చేసింది. నాన్న సైకిల్‌ను అలాగే కింద పడేసి, తువ్వాలలో ముఖం దాచుకుని చాలాసేపు కూర్చున్నాడు.

మొన్న మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్లాను. వంతెన ఉంది, కాలువలో నీళ్లు లేవు. ఊరు ఓపెన్‌కాస్టు గని కిందికి పోతోందని వాడంతా ఖాళీ చేశారు. తలుపులు, దూలాలు కూడా ఊడదీసుకుపోయారు. ఎల్లవ్వ ఎప్పుడో పోయింది.

"ఇక్కడ ఎవరుండేటోళ్లు అమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

ఒక కొస నుంచి ఇంటింటికీ పేర్లు చెబుతూ నడిచాను. సగం వాడ దాటాక ఒక ఇంటి ముందు ఆగిపోయాను... అందులో ఎవరుండేవారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ తర్వాతి ఇల్లు కూడా అంతే. అప్పుడు మళ్లీ భయమేసింది.

మీ చిన్నప్పటి వాడలో ఎవరెవరుండేవారు? గుర్తున్నంతవరకు వాళ్ల పేర్లు కింద రాయండి... మరిచిపోకముందే.